సెప్టెంబర్ 17: ఒక్క రోజుకు ఇన్ని పేర్లు.. చనిపోయినవాళ్లకు మాత్రం లెక్క లేదు! సుందర్‌లాల్ నివేదికలో అసలేముంది?

సెప్టెంబర్ వచ్చిందంటే చాలు, తెలంగాణలో ఒకటే గొడవ. 17వ తేదీ విమోచనమా? విలీనమా? సమైక్యతా దినమా? స్టూడియోల్లో డిబేట్లు, మైదానాల్లో జెండాలు, సోషల్ మీడియాలో పాత ఫొటోలు. 18వ తేదీ తెల్లారేసరికి అంతా సర్దుకుంటుంది. మళ్లీ ఏడాది దాకా ఆ ఊసు ఉండదు.

ఈ గొడవంతా పేరు చుట్టూనే. 1948లో ఆ రోజులకు ముందు, ఆ రోజుల్లో, ఆ తర్వాత హైదరాబాద్ సంస్థానంలో ఎంతమంది చనిపోయారు? ఎవరు, ఏ ఊళ్లో, ఎవరి చేతిలో? ఈ ప్రశ్నకు ఊరూరా తిరిగి తేల్చిన అధికారిక జాబితా ఇప్పటికీ జనం ముందు లేదు. ఉన్నవల్లా కొన్ని అంచనాలు. అందులో అన్నిటికంటే ముఖ్యమైన అంచనా దశాబ్దాల పాటు ఫైళ్లలోనే ఉండిపోయింది.

ఒకే తేదీ.. ఎవరి పేరు వాళ్లది

ముందు పేర్ల సంగతి చూద్దాం. నిజాం ఏలుబడిలో మొత్తం 16 జిల్లాలు. అందులో 8 తెలుగు, 5 మరాఠీ, 3 కన్నడ జిల్లాలు. 1956లో రాష్ట్రాలు మారాక ఆ సంస్థానం మూడు ముక్కలైంది. జ్ఞాపకం కూడా అలాగే ముక్కలైంది.

మహారాష్ట్రలో దీన్ని మరాఠ్వాడా ముక్తి సంగ్రామ దినం అంటారు. కర్ణాటకలో హైదరాబాద్-కర్ణాటక విమోచన దినంగా జరిపేవాళ్లు. 2019లో ఆ ప్రాంతం పేరు మార్చాక కళ్యాణ కర్ణాటక ఉత్సవం అయింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ప్రభుత్వం తరఫున ఏ వేడుకా జరగలేదు. ఉద్యమకాలంలో అధికారికంగా జరపాల్సిందేనని పట్టుబట్టిన టీఆర్ఎస్, అధికారంలోకి వచ్చాక చాలా ఏళ్లు ఆ మాట ఎత్తలేదు.

2022లో సీన్ మారింది. ఒకే రోజు, ఒకే నగరంలో రెండు ప్రభుత్వాల రెండు వేడుకలు. పరేడ్ గ్రౌండ్స్‌లో కేంద్రం తరఫున హైదరాబాద్ విమోచన దినోత్సవం, అమిత్ షా జెండా ఎగరేశారు. పబ్లిక్ గార్డెన్స్‌లో రాష్ట్రం తరఫున జాతీయ సమైక్యతా దినోత్సవం, కేసీఆర్ జెండా ఎగరేశారు. 2024 మార్చిలో కేంద్రం ఏటా సెప్టెంబర్ 17ను విమోచన దినంగా జరుపుతామని గెజిట్ ఇచ్చింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో రేవంత్ రెడ్డి ప్రభుత్వం ప్రజాపాలన దినోత్సవం అని మరో పేరు పెట్టింది. కమ్యూనిస్టులు ముందు నుంచీ అనేది సాయుధ పోరాట వార్షికోత్సవమని. పాత తరం ఉర్దూ రచనల్లో కనిపించే మాట వేరు: సుఖూతె హైదరాబాద్, అంటే హైదరాబాద్ పతనం.

పేరు వట్టి లేబుల్ కాదు. ఏ పేరు పెడితే ఆ కథే చెప్పాల్సి వస్తుంది. ఆ కథలో ఇమడని చావులు పక్కకు పోతాయి. అసలు సమస్య అక్కడే మొదలైంది.

'పోలీస్ యాక్షన్' అని ఎందుకన్నారు?

1947 నవంబర్ 29న నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ భారత ప్రభుత్వంతో ఏడాది యథాతథ ఒప్పందం చేసుకున్నారు. అది పేరుకే మిగిలింది. ఖాసిం రజ్వీ నాయకత్వంలో రజాకార్లు రెచ్చిపోయారు. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి తలుపు తట్టింది. సెప్టెంబర్ 13 తెల్లవారుజామున భారత సైన్యం సంస్థానంలోకి అడుగుపెట్టింది. షోలాపూర్ వైపు నుంచి ప్రధాన దళం, విజయవాడ వైపు నుంచి మరో దళం. 17వ తేదీకల్లా నిజాం లొంగిపోయారు. 18న మేజర్ జనరల్ జె.ఎన్. చౌధురి మిలిటరీ గవర్నర్ అయ్యారు. 23న నిజాం తన ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు.

ట్యాంకులు, విమానాలతో సాగిన సైనిక చర్య ఇది. సైన్యం పెట్టుకున్న పేరు ఆపరేషన్ పోలో. బయటికి చెప్పింది మాత్రం 'పోలీస్ చర్య' అని. భద్రతా మండలిలో ఫిర్యాదు నడుస్తున్నప్పుడు ఇది రెండు దేశాల యుద్ధం కాదు, మా ఇంటి శాంతిభద్రతల వ్యవహారం అని చెప్పుకోవడానికి ఆ మాట పనికొచ్చింది. జనం నోట్లో కూడా అదే నిలిచిపోయింది. ఊళ్లలో పెద్దవాళ్లు వయసు చెప్పాలంటే “పోలీస్ యాక్షన్ నాటికి నాకు పదేళ్లు” అనడం తెలంగాణలో చాలామంది విన్నదే.

దాంతో అధికారిక కథ సిద్ధమైంది. ఐదు రోజులు, తక్కువ రక్తపాతం, అంతటా సంబరాలు. ఈ కథలో అబద్ధం కంటే ఖాళీలు ఎక్కువ. ఐదు రోజుల ముందు ఏం జరిగిందో కొంత చెబుతుంది. తర్వాత ఏం జరిగిందో అసలు చెప్పదు.

రజాకార్ల దారుణాలు.. ఇది కల్పన కాదు

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. రజాకార్ల హింస ఎవరో అల్లిన కథ కాదు. ప్రస్తుత సిద్దిపేట జిల్లాలోని భైరాన్‌పల్లి సంగతే తీసుకోండి. ఊరివాళ్లు బురుజు ఎక్కి కాపలా కాసి, రజాకార్ల దాడులను తిప్పికొట్టారు. 1948 ఆగస్టు 27న రజాకార్లు నిజాం బలగాలతో కలిసి వచ్చి ఊరి మీద పడ్డారు. మగవాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. వంద మందికి అటూ ఇటుగా చనిపోయారు. కచ్చితమైన సంఖ్య ఒక్కో పుస్తకంలో ఒక్కోలా ఉంటుంది. అంతకు ఏడాది ముందే, 1947 సెప్టెంబర్ 2న, పరకాలలో జాతీయ జెండా పట్టుకుని వచ్చిన జనంపై కాల్పులు జరిగాయి. అక్కడి అమరధామం ఆ గుర్తే.

రజాకార్లను ఎదిరించినవాళ్లలో ముస్లింలూ ఉన్నారు. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక సంపాదకుడు షోయబుల్లా ఖాన్ హైదరాబాద్ భారత్‌లో కలవాలని రాశారు. 1948 ఆగస్టులో హైదరాబాద్ నడిబొడ్డున ఆయన్ను చంపేశారు. మతాల లెక్కలో చూసేవాళ్లకు ఆయన కథ ఎక్కడ పెట్టాలో తోచదు. అందుకే ఏటా జరిగే డిబేట్లలో ఆయన పేరు ఒక వాక్యంతో సరి.

సుందర్‌లాల్ బృందం ఏం చూసింది?

పోలీస్ యాక్షన్ తర్వాత సంస్థానం లోపలి జిల్లాల నుంచి ఢిల్లీకి వేరే రకం వార్తలు వెళ్లడం మొదలైంది. ముస్లింలపై ప్రతీకార దాడులు జరుగుతున్నాయని, ఊళ్లకు ఊళ్లు ఖాళీ అవుతున్నాయని. దాంతో నెహ్రూ చొరవతో ఒక బృందం హైదరాబాద్ బయల్దేరింది. కాంగ్రెస్ నేత పండిట్ సుందర్‌లాల్, ఉర్దూ రచయిత, 'పయామ్' పత్రికను నడిపిన ఖాజీ అబ్దుల్ గఫార్, మౌలానా అబ్దుల్లా మిస్రీ అందులో సభ్యులు. గమనించాల్సిన విషయం ఏంటంటే, ఇదే సుందర్‌లాల్ బ్రిటిష్ పాలన మీద హిందీలో రాసిన పుస్తకాన్ని 1929లో తెల్లదొరలు నిషేధించారు. స్వతంత్ర భారతంలో ఆయన రాసిన నివేదిక కూడా జనానికి అందలేదు.

1948 నవంబర్ 29 నుంచి డిసెంబర్ 21 దాకా ఈ బృందం తిరిగింది. 16 జిల్లాల్లో 9 జిల్లాలు చూసింది. 109 గ్రామాలకు చెందిన 500 మందికి పైగా జనంతో మాట్లాడింది. చివరికి తేల్చింది ఇదీ: తక్కువలో తక్కువగా వేసుకున్నా, పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత 27 వేల నుంచి 40 వేల మంది ప్రాణాలు కోల్పోయారు.

ఎక్కువగా దెబ్బతిన్నవి ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు. ఈ నాలుగింట్లోనే 18 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఔరంగాబాద్, బీడ్, నల్గొండ, మెదక్ జిల్లాల్లో కలిపి కనీసం 5 వేలు. అంటే ఇది పూర్తిగా మరాఠీ, కన్నడ ప్రాంతాల కథ కూడా కాదు. తెలుగు జిల్లాలూ అందులో ఉన్నాయి.

చంపింది ఎవరు? స్థానిక గుంపులు, షోలాపూర్ లాంటి చోట్ల నుంచి ఆయుధాలతో వచ్చినవాళ్లు అని నివేదిక చెప్పింది. కొన్ని చోట్ల సైనికులు లూటీలను ప్రోత్సహించారని, కొన్ని చోట్ల ముస్లిం మగవాళ్లను బయటికి రప్పించి చంపారని కూడా రాసింది. బావుల్లో కుళ్లిన శవాలను స్వయంగా చూశామని నమోదు చేసింది.

అదే నివేదికలో మరో రెండు విషయాలున్నాయి. ఒకటి, రజాకార్లు అంతకుముందు ఊళ్ల మీద నెలవారీ వసూళ్లు పెట్టారని, ఇవ్వని ఊళ్లను దోచి తగలబెట్టారని అందులో ఉంది. రెండోది, చాలాచోట్ల హిందువులు తమ పొరుగు ముస్లింలను కాపాడారు. కొన్ని ఊళ్లలో హిందూ నేతపనివాళ్లు తోటి ముస్లిం నేతపనివాళ్లను కాపాడబోయి తామే ప్రాణాలు పోగొట్టుకున్నారు. ఒకే మగ్గం బతుకు వాళ్లది. ఈ సంగతి ఎవరి ప్రసంగంలోనూ వినిపించదు.

మరి ఎందుకు బయటపెట్టలేదు?

నివేదిక ఢిల్లీ చేరింది. హోం మంత్రి సర్దార్ పటేల్‌కు అది రుచించలేదు. ప్రభుత్వం అలాంటి బృందాన్ని పంపనే లేదన్నది ఆయన వాదన. దాంతో నివేదికను అధికారికంగా ప్రచురించలేదు, తోసిపుచ్చుతూ విచారణా జరపలేదు. ఫైల్లో పడుకోబెట్టారు.

కారణాలు ఊహించడం కష్టం కాదు. దేశ విభజన గాయాలు పచ్చిగా ఉన్నాయి. కశ్మీర్‌లో యుద్ధం నడుస్తోంది. హైదరాబాద్ ఫిర్యాదు ఇంకా భద్రతా మండలి ఎజెండాలోనే ఉంది. ఆ సమయంలో ఈ అంకెలు బయటికొస్తే ఏమవుతుందో అన్న భయం ఢిల్లీలో ఉండి ఉండొచ్చు. 1948లో ఆ భయానికి అర్థం ఉంది. అయితే ఆ మౌనం ఏళ్లు కాదు, దశాబ్దాలు సాగింది.

తర్వాత పరిశోధకుల రాతల్లో ముక్కలు ముక్కలుగా కొంత బయటికొచ్చింది. 2013లో ఏ.జి. నూరానీ హైదరాబాద్ పతనంపై రాసిన పుస్తకంలో నివేదికను అచ్చువేశారు. అదే ఏడాది సెప్టెంబర్‌లో బీబీసీ కథనంతో ప్రపంచమంతా తెలిసింది. ఇప్పుడు ఢిల్లీలోని నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో, అంటే ఇవాళ్టి ప్రధానమంత్రుల మ్యూజియంలో, పరిశోధకులు చూడొచ్చు. చూసినవాళ్లు చూశారు. పాఠ్యపుస్తకాలు చదివిన తరాలకు మాత్రం ఇలాంటి నివేదిక ఒకటి ఉందన్న సంగతే తెలియదు.

ఆ తర్వాత మూడేళ్లు.. మూడో కథ

రజాకార్లు పోయారు కదా, సైన్యం వెనక్కి వెళ్లిపోయిందా? లేదు. నల్గొండ, వరంగల్, ఖమ్మం వైపు తిరిగింది. అక్కడ 1946 నుంచే భూమి కోసం రైతుల పోరాటం నడుస్తోంది. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య చనిపోయాక అది రాజుకుంది. సుమారు 3 వేల గ్రామాల్లో 10 లక్షల ఎకరాలు పంచామని ఉద్యమ నాయకుల లెక్క. పట్నం పారిపోయిన, లేదా రజాకార్లతో చేతులు కలిపిన దొరల్లో కొందరు సైన్యం వచ్చాక మళ్లీ ఊళ్లోకి దిగారు. పంచిన భూముల్లో చాలావరకు వెనక్కి పోయాయి.

1951 అక్టోబర్‌లో పోరాటం విరమించేదాకా ఈ రెండో యుద్ధం నడిచింది. పుచ్చలపల్లి సుందరయ్య 1972లో రాసిన పుస్తకం ప్రకారం మొత్తం పోరాటంలో 4 వేల మంది దాకా కమ్యూనిస్టులు, రైతు కార్యకర్తలు చనిపోయారు. 10 వేల మందికి పైగా మూడు నాలుగేళ్లు నిర్బంధంలో గడిపారు. ఇది పార్టీ లెక్క. ప్రభుత్వం తరఫున దీనికి సరితూగే జాబితా జనం ముందుకు రాలేదు.

అప్పటి జనం ఏమనుకున్నారో ఒక చోట కనిపిస్తుంది. 1952 తొలి సాధారణ ఎన్నికల్లో నల్గొండ నుంచి పోటీ చేసిన రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు పడ్డాయి. సంబరాల కథ ఒక్కటే నిజమైతే ఆ ఓట్లకు అర్థం దొరకదు.

ఇందులోనూ మరుగునపడ్డ కథ ఉంది. అది ఆడవాళ్లది. పోరాటంలో తుపాకీ పట్టినవాళ్లు, దళాలకు అన్నం మోసినవాళ్లు, ఆఖరికి ఇళ్లకు పొమ్మంటే పోయినవాళ్లు. వాళ్ల మాటలను స్త్రీశక్తి సంఘటన సేకరించి 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' పేరుతో పుస్తకంగా తెచ్చింది. ప్రభుత్వం రాయని చరిత్ర పార్టీ రాసింది. పార్టీ వదిలేసిన చరిత్రను ఈ మహిళలు చెప్పుకున్నారు.

పెద్దవాళ్లంతా ఎక్కడ తేలారు?

ఈ మొత్తం వ్యవహారంలో ఎవరు మూల్యం చెల్లించారో చూస్తే అసలు బొమ్మ తెలుస్తుంది. నిజాం 1950 జనవరి 26 నుంచి 1956 అక్టోబర్ 31 దాకా రాజప్రముఖ్‌గా ఉన్నారు. ఏటా 50 లక్షల రూపాయల రాజభరణం అందింది. ప్రధాని లాయక్ అలీ 1950లో గృహనిర్బంధం నుంచి తప్పించుకుని పాకిస్తాన్ చేరారు. ఖాసిం రజ్వీ జైల్లో ఉండి 1957లో విడుదలై ఆయనా పాకిస్తాన్ వెళ్లిపోయారు.

పైనున్నవాళ్లకు ఏదో ఒక దారి దొరికింది. ఉస్మానాబాద్ పల్లెలో రజాకార్లతో ఏ సంబంధం లేని ముస్లిం రైతుకు, భైరాన్‌పల్లిలో బురుజు ఎక్కిన కుర్రాడికి, నల్గొండలో రెండెకరాలు దక్కించుకుని మళ్లీ పోగొట్టుకున్న కూలీకి ఏ దారీ దొరకలేదు. 'విమోచనం' అన్నా 'పతనం' అన్నా ఈ ముగ్గురూ ఒకే కథలో ఇమడరు. అందుకే ఒక్కో కథ తనకు పనికొచ్చేవాళ్లను తీసుకుని మిగతావాళ్లను వదిలేస్తుంది.

ఎవరి ముక్క వాళ్లకే

ఇవాళ జరుగుతున్నది ఇదే. ఒక వర్గం భైరాన్‌పల్లి గురించి గొంతెత్తుతుంది, ఉస్మానాబాద్ అనగానే గొంతు సన్నగిల్లుతుంది. మరో వర్గం సుందర్‌లాల్ నివేదికలో 40 వేలు అన్న అంకెను పట్టుకుంటుంది, అదే నివేదికలో రజాకార్ల వసూళ్ల భాగాన్ని దాటేస్తుంది. ఇంకో వర్గానికి రెండూ మతం గొడవలే, భూమి సంగతి తప్ప ఏదీ చరిత్ర కాదు. 2024లో వచ్చిన 'రజాకార్' సినిమా మీద నడిచిన గొడవ కూడా ఈ తీరుగానే సాగింది. చూడని భాగం గురించి ఎవరూ మాట్లాడలేదు.

మరుగునపడ్డ కథ బయటికొస్తే నిజం గెలుస్తుందని అనుకుంటాం. ఇక్కడ జరిగింది వేరు. దాచిన నివేదిక బయటికొచ్చాక అది కూడా ఒక పక్షం చేతిలో ఆయుధమైంది. దాచినన్నాళ్లూ పుకార్లు పెరిగాయి. సైన్యం వల్ల ఒక్కరూ పోలేదనేవాళ్లు ఒకవైపు, లక్షల్లో పోయారనేవాళ్లు మరోవైపు. మధ్యలో నిలబెట్టడానికి లెక్క లేదు.

ఆ అంకెలను నమ్మొచ్చా?

ఇది న్యాయమైన ప్రశ్నే. సుందర్‌లాల్ బృందం మూడు వారాలే తిరిగింది. 7 జిల్లాలకు వెళ్లలేదు. ఇంటింటి లెక్క తీయలేదు. 27 వేలకూ 40 వేలకూ మధ్య ఉన్న తేడాయే అది అంచనా అని చెబుతోంది. కాబట్టి ఆ అంకెను తుది తీర్పుగా చెప్పడం తప్పు. నివేదికే లేదన్నట్టు ఉండటమూ తప్పే. మూడు వారాల్లో ముగ్గురు మనుషులు అంత సమాచారం తెచ్చినప్పుడు, ప్రభుత్వం తలుచుకుంటే పూర్తి లెక్క తేలేది. ఆ పని ఎవరూ చేయలేదు.

ప్రభుత్వానికి లెక్కగట్టడం చేతకాదా అంటే అదీ కాదు. హైదరాబాద్ విమోచన పోరాటంలో పాల్గొన్నవాళ్లకు, సరిహద్దు క్యాంపుల్లో పనిచేసినవాళ్లకు కేంద్రం స్వాతంత్ర్య సమరయోధుల పింఛన్ ఇచ్చింది. దరఖాస్తులు తీసుకుంది, సాక్ష్యాలు అడిగింది, కమిటీలతో వడపోసింది. అంటే పేరు, ఊరు, ఆధారం చూసి గుర్తించడం సాధ్యమే. కథకు పనికొచ్చినవాళ్ల విషయంలో ఆ పని జరిగింది.

పాత గాయాలు కెలకడం ఎందుకు అని అడిగేవాళ్లూ ఉన్నారు. ఆ గాయాలను ప్రతి సెప్టెంబర్‌లో మైకులు పెట్టి కెలుకుతూనే ఉన్నారు కదా! ఆధారాలు లేకుండా కెలకడమా, ఆధారాలు ముందు పెట్టి మాట్లాడటమా అన్నదే మిగిలిన ప్రశ్న.

ఇప్పుడైనా ఏం చేయొచ్చు?

చట్టం దారి మూసుకుపోలేదు. సమాచార హక్కు చట్టంలోని 8(3) సెక్షన్ ప్రకారం 20 ఏళ్లు దాటిన ఘటనల సమాచారాన్ని, దేశ భద్రత లాంటి కొన్ని మినహాయింపులు పోను, అడిగితే ఇవ్వాల్సిందే. 1948 దాటి ఎన్ని ఏళ్లయిందో లెక్కేసుకోండి. తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో నిజాం కాలం నాటి రికార్డుల గుట్టలున్నాయి. వాటిలో చాలావరకు ఉర్దూ, పర్షియన్ భాషల్లో ఉన్నాయి. చదివి, తెలుగులో పెట్టేవాళ్లు కావాలి.

మొదటి అడుగు చిన్నదే. సుందర్‌లాల్ నివేదికను తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ భాషల్లో ప్రభుత్వమే అచ్చువేయొచ్చు. పక్కనే కేంద్రం 1948లో రజాకార్ల అకృత్యాలపై తెచ్చిన శ్వేతపత్రాన్నీ పెట్టొచ్చు. చదివేవాళ్లు రెండూ చదువుకుంటారు. రెండో అడుగు ఊరూరా పేర్లు రాసుకోవడం: రజాకార్ల చేతిలో పోయినవాళ్లు, ఆ తర్వాత దాడుల్లో పోయినవాళ్లు, సాయుధ పోరాటంలో పోయినవాళ్లు. మూడు రాష్ట్రాలు కలిస్తేనే అయ్యే పని ఇది, ఎందుకంటే చనిపోయినవాళ్ల ఊళ్లు ఇప్పుడు మూడు రాష్ట్రాల్లో ఉన్నాయి.

తొందర ఎందుకంటే, ఆ రోజులను కళ్లారా చూసినవాళ్లలో పదేళ్ల పిల్లలుగా ఉన్నవాళ్లే ఇప్పుడు ఎనభైల చివర్లో ఉన్నారు. వాళ్లు వెళ్లిపోతే మిగిలేది కాగితాలు, వాటిమీద డిబేట్లు. వచ్చే సెప్టెంబర్ 17న మళ్లీ జెండాలు ఎగురుతాయి, ఏ పేరుతో ఎగరాలన్న గొడవా ఉంటుంది. ఆ రోజు వేదిక ఎక్కే నాయకులను ఎవరైనా ఒక్క ప్రశ్న అడగాలి: చనిపోయినవాళ్ల పేర్ల జాబితా ఎప్పుడిస్తారు?